కరిగే సీసము – కనబడని ధూళి

తెలుగు విద్యార్థికి ‘సీసము’ అనగానే మొదట స్ఫురించేది పద్యం. ఉర్దూ చదివిన విద్యార్థికి ‘సీసా’ అంటే లోహం, ‘శీశా’ అంటే అద్దం. ఆ శీశాయే మన ఇళ్ళలో నూనె పోసుకొనే సీసా అయినది. మాటలు ఇట్లు అల్లుకొని ఉన్నా, ఈ వ్యాసానికి విషయం లోహమైన సీసమే. మిక్కిలి దృఢమైన దానిని ఉర్దూలో ‘సీసా పిలాయీ హుయీ దీవార్’ అంటారు. అనగా సీసం పోసి కట్టిన గోడ. పూర్వం రాతి కట్టడాలలో ఇనుప కొక్కెములను బిగించడానికి సీసం కరిగించి పోసేవారు. ఆ పలుకుబడిలో ఆ పనితనం కనబడుతుంది.

ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. సీసానికి 327 డిగ్రీలు చాలును. కొలిమి అక్కరలేదు, ఒక పంపు స్టౌ ఉంటే చాలును. ఈ సులభత్వం వల్లనే తుపాకి గుండ్లు మొదలు అచ్చుకూటపు అక్షరముల వరకు సీసంతో పోతపోశారు. ఇటువంటి సంచికలలో ఉర్దూ పుటలను కాతిబు చేతితో వ్రాయగా రాతి అచ్చులో ముద్రించిన కాలంలో, తెలుగు పుటలు సీసపు అక్షరములతోనే కూర్చబడేవి. నేడు అక్షరములు కంప్యూటరులోనికి పోయినవి. తుపాకి గుండ్ల తయారీకి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండి తీరవలెను. అయినను సీసం కరిగించే పని మన మధ్య నుండి పోలేదు. చేపల వలలకు గుండ్లు పోయువారు, పాత బ్యాటరీలు విప్పువారు, అతుకులు వేయువారు నేటికీ ఉన్నారు. సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థులలో ఇటువంటి కుటుంబముల పిల్లలు ఉండవచ్చును. కావున ఇది పాఠ్యపుస్తకపు విషయం మాత్రమే కాదు.

మొదటి ప్రమాదం బరువు. నీటికంటె సీసం పదకొండు రెట్లకు పైగా బరువైనది. ఒక లీటరు పట్టే పాత్రలో కరిగిన సీసం పది కిలోలకు మించి తూగుతుంది. అన్నం గిన్నె కోసం చేసిన స్టౌ ఆ భారానికి ఒరిగిపోవచ్చును. వెడల్పైన కాళ్ళు గల గట్టి బర్నరును చదునైన నేల మీద ఉంచి, దళసరి ఇనుప పాత్రను వాడవలెను. అల్యూమినియం పాత్ర వేడికి బలం కోల్పోతుంది గనుక పనికిరాదు. ఒకసారి సీసం కరిగించిన పాత్రను, గరిటెను మరల వంటకు వాడరాదు. మరొక విశేషం: కరిగిన సీసం ఎర్రగా మెరవదు, చల్లని వెండి వలె కనబడుతుంది. అందుచేత పిల్లలు చేయి పెట్టే అవకాశం ఎక్కువ. అది ఎర్రబారినదంటే వేడి మితిమీరినదని, విషపు ఆవిరి పెరుగుతున్నదని గ్రహించవలెను.

రెండవ ప్రమాదం నీరు. ఒక్క బొట్టు నీరు కరిగిన సీసం అడుగున చిక్కితే క్షణంలో ఆవిరై, 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి, లోహాన్ని నలువైపులా చిమ్ముతుంది. పాత వలగుండ్ల మడతలలో తేమ దాగి ఉంటుంది. కావున ముక్కలన్నీ మంట వెలిగించక మునుపే పాత్రలో వేసి, మెల్లగా వేడెక్కనీయవలెను. కరిగిన సీసంలో తడి ముక్కను ఎన్నడూ వేయరాదు. గరిటె, అచ్చు కూడ ఎండి వెచ్చబడి ఉండవలెను. మంట లేచినచో ఆర్పడానికి ఇసుక దగ్గర ఉంచుకొనవలెను, నీళ్ళు పోయరాదు. కళ్ళద్దాలు, చేతితొడుగులు, మూసిన బూట్లు, పూర్తి చేతుల నూలు చొక్కా తప్పనిసరి.

మూడవ ప్రమాదం కంటికి కనబడదు. కాలిన గాయం వెంటనే తెలుస్తుంది, ధూళి తెలియదు. కరిగిన సీసం మీద తేలే బూడిదరంగు తెట్టు సీసపు ఆక్సైడు. ఉర్దూలో ‘ముర్దార్ సంగ్’ అనే పసుపు పదార్థం కూడ ఇట్టి ఆక్సైడే. దీనిని తీసి పారవేసేటప్పుడు ధూళి లేస్తుంది. అది చేతులకు, చొక్కాకు, చెప్పులకు అంటి ఇంటికి వస్తుంది. ఆ చేతితో బీడీ ముట్టినా, అన్నం కలిపినా, బిడ్డను ఎత్తుకొన్నా విషం లోపలికి పోతుంది. మ్రింగిన సీసంలో పిల్లల శరీరం గ్రహించే పాలు పెద్దల కంటె నాలుగైదు రెట్లు ఉండవచ్చును. ఎముకలలో చేరిన సీసం ఏండ్ల తరబడి నిలిచి, గర్భిణి నుండి శిశువుకు సంక్రమిస్తుంది. పిల్లల తెలివిని, చదువును కుంటుపరుస్తుంది. ‘ఇంత వరకు ఫరవాలేదు’ అనదగిన హద్దు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

సెనెగల్ దేశంలో డకార్ నగర సమీపాన థియారాయ్ సుర్ మేర్ అనే చోట పాత బ్యాటరీలు విప్పి, సీసం కలిసిన మట్టిని జనం ఇళ్ళకు తెచ్చి జల్లించుకొన్నారు. 2007 నవంబరు నుండి 2008 మార్చి లోపల అచ్చట 18 మంది పిల్లలు మరణించారు. వారు సీసం కరిగించినవారు కారు. కరిగించే ఇంటి దగ్గర ఆడుకొన్నవారు.

కావున బ్యాటరీ పలకలను ఇంటి వద్ద ఎన్నడూ కరిగించరాదు. వాటిలో ఆమ్లముతో పాటు ఆంటిమొనీ, ఆర్సెనిక్ కూడ ఉండవచ్చును. తేమ తగిలితే వాటి తెట్టు నుండి ప్రాణాంతకమైన వాయువులు వెలువడగలవు. 2001 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడ పాత బ్యాటరీ అధీకృత కేంద్రానికే చేరవలెనని చెప్పుచున్నవి. కళాయి విషయంలోను జాగ్రత్త కలదు. దానికి వాడవలసినది శుద్ధమైన తగరం. ధర తగ్గుతుందని అందులో సీసం కలిపితే, చింతపండు పులుసు ఆ సీసాన్ని కరిగించి పళ్ళెంలోనికే తెస్తుంది.

పని ఆరుబయట, పొగ ముఖం మీదకు రాని వైపు నిలిచి, పిల్లలను దూరముంచి చేయవలెను. తెట్టును మూత గల డబ్బాలో దాచవలెను. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవవలెను. అయితే అది పాత్ర పూర్తిగా చల్లారిన తరువాతనే. సబ్బుతో చేతులు, ముఖము కడిగి, బట్టలు మార్చి ఇంటిలో అడుగు పెట్టవలెను. ఆ బట్టలను వేరుగా ఉతకవలెను. అనుమానమున్నచో రక్తపరీక్ష చేయించవలెను. రక్తంలోని సీసాన్ని అది చూపగలదు.

రసాయనశాస్త్రం చదివే విద్యార్థి ఈ నాలుగు మాటలు తన వీధిలోని పనివానికి మర్యాదగా చెప్పగలిగితే, ఆ చదువుకు సార్థకత. తండ్రి చెమటోడ్చి తెచ్చిన కూలితో పాటు ధూళి కూడ ఇల్లు చేరకూడదు.