నేను తీసుకోని అప్పు, బ్లాక్‌చెయిన్ చెప్పని జవాబు

తెనాలిలో మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలని నాన్న మూడేళ్లుగా అంటున్నారు. సరే అని ఇద్దరం కలిసి లోన్‌కి అప్లై చేశాం. బ్యాంకులో ఆఫీసర్ కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. స్కోర్ 641. అంతకుముందు ఏడాది 768. మధ్యలో నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఏదో లోన్ యాప్‌లో 9,400 రూపాయలు తీసుకుని ఎగ్గొట్టానట! ఆ యాప్ పేరు నేను వినడం అదే మొదటిసారి. నాన్న అక్కడ ఏమీ అనలేదు. బయటికొచ్చి బండి ఎక్కాక మాత్రం, "నిజం చెప్పరా, అవసరమై తీసుకున్నావా?" అని అడిగారు. స్కోర్ పడిపోయినందుకన్నా ఆ మాటకే ఎక్కువ బాధేసింది.

ఎవరో నా పాన్ కార్డు జిరాక్స్ వాడేశారు. కంప్లయింట్ ఇద్దామంటే అదో పెద్ద ప్రదక్షిణ. బ్యాంకువాళ్లు బ్యూరోని అడగమన్నారు. బ్యూరో యాప్‌వాళ్లని అడగాలంది. యాప్‌వాళ్ల మెయిల్ బౌన్స్ అయింది. విషయం ఏంటంటే, బ్యూరో తన దగ్గరున్న వివరాలను తనంతట తాను మార్చదు. అప్పిచ్చినవాళ్లు అవునంటేనే దిద్దుతుంది.

మన దేశంలో ఇలాంటి బ్యూరోలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005 చట్టం కింద నడుస్తాయి. మన ఈఎంఐల చరిత్రంతా వీటి సర్వర్లలోనే ఉంటుంది. అంత డేటా ఒకేచోట కుప్పపోస్తే ఏమవుతుందో 2017లో అమెరికా చూసింది. అక్కడి ఈక్విఫాక్స్‌లోకి హ్యాకర్లు దూరి 14 కోట్ల మందికి పైగా వివరాలు పట్టుకుపోయారు.

ఇంజినీర్‌కి కోపం వస్తే ఏం చేస్తాడు? కోడ్ రాస్తాడు. నేనూ, మా రూమ్మేటూ రెండు వీకెండ్లు కూర్చుని బ్లాక్‌చెయిన్‌తో ఓ డెమో కట్టాం. ఐడియా కొత్తదేం కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో పాల కార్డు ఉండేది. పాలాయన తన పుస్తకంలో రాసుకునేవాడు, అమ్మ కార్డు మీద టిక్కు పెట్టేది. నెలాఖరున రెండూ కలవాలి. ఒకళ్లు దొంగచాటుగా దిద్దితే రెండో వాళ్ల దగ్గర దొరికిపోతారు. అదే పుస్తకం పది బ్యాంకుల దగ్గర, నాలుగు బ్యూరోల దగ్గర ఒకేసారి ఉందనుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏం రాశారో డిజిటల్ సంతకంతో సహా అందరికీ తెలుస్తుంది. బిట్‌కాయిన్‌లా ఊరందరికీ తెరిచిపెట్టింది కాదు, అనుమతి ఉన్నవాళ్లే ఉండే చెయిన్. మేం హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ వాడాం.

మొదటి తప్పు మొదటి రోజే చేశాం. పాన్ నంబర్‌ని నేరుగా పెట్టకూడదని దాని హ్యాష్ పెట్టాం. ఎస్‌హెచ్ఏ-256లో వేస్తే 64 అక్షరాల పొడుగు గజిబిజి వస్తుంది, వెనక్కి తిప్పలేం. సేఫ్ అనుకున్నాం. రూమ్మేట్ కాగితం మీద లెక్క వేశాడు. పాన్‌లో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మరో అక్షరం. మామూలు వ్యక్తులకి నాలుగో అక్షరం ఎప్పుడూ 'పి'నే. అంటే మొత్తం అవకాశాలు సుమారు 12 వేల కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే కానీ, ఒక మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకి అది కొన్ని నిమిషాల పని. అన్నీ హ్యాష్ చేసి పోల్చుకుంటే ఎవరి పాన్ ఏదో బయటపడిపోతుంది! అందుకే ప్రతి రికార్డుకీ ఒక రహస్య సంఖ్య కలిపి హ్యాష్ చేశాం. మావాళ్లు దీన్ని సాల్ట్ అంటారు. అవును, ఉప్పే.

అసలు డేటా మాత్రం ఎవరి సర్వర్‌లో వాళ్లదే. చెయిన్ మీద ఉండేది సాక్ష్యం ఒక్కటే. ఇలా ఉండటం అవసరం కూడా. 2023 డేటా రక్షణ చట్టం మన వివరాలు చెరిపించుకునే హక్కు ఇచ్చింది, చెయిన్ మీద రాసింది మాత్రం చెరగదు. బయటి డేటా, ఆ ఉప్పు చెరిపేస్తే చెయిన్ మీద మిగిలేది ఎందుకూ పనికిరాని గజిబిజి.

ఇంతా చేశాక నా కేసునే అందులో వేసి చూశాం. యాప్ దగ్గర నా పాన్ ఉంది, ఓటీపీ ఉంది (ఎవరి ఫోన్‌కి వెళ్లిందో దేవుడికే తెలియాలి). ఆ దొంగ అప్పు మా చెయిన్‌లోకి దర్జాగా వచ్చి కూర్చుంది. అబద్ధాన్ని కూడా చెరగకుండా భద్రపరుస్తుంది మరి! దాన్ని ఆపాలంటే అప్పు రాసే ముందే నా ఫోన్‌లోని కీతో నేను సంతకం పెట్టాలి. అప్పుడు నా సంతకం లేని అప్పు లోపలికి రాదు. బాగానే ఉంది. మరి ఫోన్ పోతే? మా నాన్నది కీప్యాడ్ ఫోన్, ఆయన సంగతేంటి? డెమో అక్కడ ఆగిపోయింది.

బ్లాక్‌చెయిన్ మనకి కొత్తేమీ కాదు. కంపెనీల నుంచి వచ్చే ఎస్ఎమ్ఎస్‌ల హెడర్లు, టెంప్లేట్లు ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీలు ఇలాంటి ఉమ్మడి లెడ్జర్‌లోనే రిజిస్టర్ చేస్తున్నాయి. స్పామ్ ఆగిందా? మీ ఇన్‌బాక్స్ చూసుకోండి. మరోపక్క 2021లో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్లు మన అనుమతితో బ్యాంకు డేటాని ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి చేరవేస్తున్నాయి, అదీ మధ్యలో తాము చదవకుండా. అందుకు బ్లాక్‌చెయినే అక్కర్లేకపోయింది. నా ఓటు మాత్రం అనుమతుల చిట్టాకి, ఎవరు చూశారన్న లాగ్‌కి చెయిన్ వాడటానికే. మిగతాదంతా మామూలు డేటాబేస్ చాలు.

చివరికి నన్ను గట్టెక్కించింది కోడ్ కాదు, రూలు. కంప్లయింట్ 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 అక్టోబరులో చెప్పింది. దాన్ని మెయిల్లో కోట్ చేసి, పోలీసు కంప్లయింట్ కాపీ జత చేసి పంపితే కదలిక వచ్చింది. ఆ అప్పు రిపోర్టులోంచి పోయింది. ఏడాదికోసారి ప్రతి బ్యూరో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగు బ్యూరోలు కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటున్నాను.

పోయిన వారం మీటింగ్‌లో ఉండగా ఎస్ఎమ్ఎస్ వచ్చింది: మీ క్రెడిట్ రిపోర్టును ఒక సంస్థ చూసింది. గుండె జారింది. పేరు చదివితే మేం రెండోసారి అప్లై చేసిన బ్యాంకే. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "ఈసారి మనవాళ్లే చూశారుగా?" అన్నారు.