సాయుధ ప్రతిష్టంభనలలో పోలీసు రోబోలు

సాయుధుడైన వ్యక్తి ఒక భవనంలోనో, ఆరుబయటనో దాగి, లొంగిపోవడానికి నిరాకరించగా పోలీసులు అతనిని చుట్టుముట్టి నిలిచిన పరిస్థితిని సాయుధ ప్రతిష్టంభన అంటారు. ఇటువంటి సమయాలలో పోలీసులకు బదులుగా ముందుకు పంపే, దూరం నుండి నడిపే యంత్రాలను పోలీసు రోబోలు అంటారు. ఇవి ప్రాణాలను కాపాడడానికే గాక, ఒక సందర్భంలో ప్రాణం తీయడానికి కూడా ఉపయోగింపబడ్డాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2016లో జరిగిన ఆ సంఘటన తరువాత వీటి వినియోగానికి హద్దులు ఏమిటన్న చర్చ తీవ్రమైంది.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ యంత్రాలు మొదట బాంబులను నిర్వీర్యం చేయడానికి పుట్టినవి. 1972లో ఉత్తర ఐర్లాండులో బాంబులు అమర్చిన కార్ల వద్దకు సైనికులు వెళ్ళవలసిన అవసరం లేకుండా, బ్రిటిషు సైన్యాధికారి పీటర్ మిల్లర్ విద్యుత్తుతో నడిచే తోపుడుబండి చట్రంపై ఒక యంత్రాన్ని రూపొందించాడు. అందువలన దానికి "వీల్‌బారో" అన్న పేరు వచ్చింది. తరువాత ఇటువంటి యంత్రాలు అనేక దేశాల పోలీసు శాఖలలో చేరాయి.

పనిచేసే విధానం

రోబో అనగానే మనిషి ఆకారం తలపునకు వస్తుంది. కాని వీటిలో ఎక్కువ భాగం చక్రాల మీదనో, పట్టాల మీదనో కదిలే చిన్న బండ్లు. వీటికి కెమెరాలు, వస్తువులను పట్టుకొనే ఇనుప చేయి ఉంటాయి. మైకు, స్పీకరు ఉన్నవాటి ద్వారా లోపలి వ్యక్తితో మాట్లాడవచ్చు. సురక్షితమైన దూరంలో ఉన్న పోలీసు తెరపై దృశ్యాన్ని చూస్తూ రోబోను నడుపుతాడు. కనుక నిర్ణయం తీసుకొనేది మనిషే గాని యంత్రం కాదు.

డల్లాస్ సంఘటన

2016 జూలై 7న టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో ఒక నిరసన ప్రదర్శన జరిగింది. లూసియానా, మిన్నెసోటా రాష్ట్రాలలో ఇద్దరు నల్లజాతీయులు పోలీసు కాల్పులలో మరణించడమే ఆ నిరసనకు కారణం. ప్రదర్శన ముగిసే వేళ ఒక మాజీ సైనికుడు జరిపిన కాల్పులలో అయిదుగురు పోలీసులు మరణించారు. తరువాత అతడు ఎల్ సెంట్రో కళాశాల భవనంలో చేరాడు. కొన్ని గంటల పాటు సాగిన సంప్రదింపులు ఫలించలేదు. బాంబులు పెట్టానని కూడా అతడు బెదిరించాడు. చివరకు జూలై 8 తెల్లవారుజామున పోలీసులు రోబో చేతికి సుమారు 450 గ్రాముల సి-4 పేలుడు పదార్థం అమర్చి, అతని సమీపానికి పంపి పేల్చారు. అతడు మరణించాడు. అమెరికా పోలీసులు రోబో ద్వారా ఒక వ్యక్తిని చంపడం ఇదే మొదటిసారిగా పరిగణిస్తారు. మరో మార్గం లేకనే ఈ నిర్ణయం తీసుకున్నట్లు నాటి పోలీసు అధిపతి డేవిడ్ బ్రౌన్ వివరించాడు. 2018లో గ్రాండ్ జ్యూరీ ఈ విషయంలో పోలీసులపై నేరారోపణ చేయలేదు.

ప్రాణనష్టం లేని ఉదాహరణలు

2016 సెప్టెంబరులో లాస్ ఏంజెలస్ కౌంటీ ఎడారి ప్రాంతంలో తుపాకితో దాగిన నిందితుని దృష్టిని పోలీసులు వేరొక వైపు మరల్చగా, రోబో వెనుకగా వెళ్ళి తుపాకిని తీసుకొని వచ్చింది. అతడు లొంగిపోయాడు. 2024 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బార్న్‌స్టబుల్‌లో ఒక ఇంటిలోనికి పంపిన "స్పాట్" అనే నాలుగు కాళ్ళ రోబోకు మూడు తూటాలు తగిలాయి. నిందితుడు సజీవంగా పట్టుబడ్డాడు. మనిషికి తగలవలసిన తూటాలు యంత్రానికి తగిలాయి.

వివాదం

పోలీసుల బలప్రయోగం ఆ పరిస్థితిలో సహేతుకమై ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1989లో గ్రాహమ్ వర్సెస్ కానర్ తీర్పులో చెప్పింది. తక్షణ ప్రమాదం ఉన్నదా అన్నది అందులో పరిశీలించే ముఖ్యాంశాలలో ఒకటి. రోబోను పంపినప్పుడు పోలీసులు దూరంగా ఉంటారు గనుక వేచి ఉండే అవకాశం పెరుగుతుందనీ, అప్పుడు చంపవలసిన అవసరం తగ్గుతుందనీ విమర్శకుల వాదన. దాగిన వ్యక్తి ఇతరులపై కాల్పులు జరిపే ప్రమాదం మాత్రం తొలగిపోదని సమర్థకులు అంటారు.

సైనిక తరహా పరికరాల వినియోగ విధానానికి స్థానిక పాలకమండలి ఆమోదం ఉండాలని కాలిఫోర్నియా 2021లో చట్టం చేసింది. దాని ప్రకారం శాన్ ఫ్రాన్సిస్కో పాలకమండలి 2022 నవంబరు 29న అత్యవసర పరిస్థితులలో రోబోలతో ప్రాణాంతక బలప్రయోగానికి 8-3 ఓట్లతో అనుమతించింది. ప్రజల నుండి తీవ్ర వ్యతిరేకత రావడంతో వారం రోజులకే, డిసెంబరు 6న, ఆ అనుమతిని వెనుకకు తీసుకుంది. అదే సంవత్సరం అక్టోబరులో స్పాట్ తయారీదారైన బోస్టన్ డైనమిక్స్ మరో అయిదు సంస్థలతో కలిసి, తమ సాధారణ వినియోగ రోబోలకు ఆయుధాలు అమర్చబోమని ప్రకటించింది.