వాటర్‌గేట్ కథకు ఎత్తుగడ ఎక్కడ?

సాహిత్య విద్యార్థులు వాటర్‌గేట్ గురించి ఎందుకు చదవాలి అని ఎవరైనా అడగవచ్చు. అది అమెరికా పాలకుల ఇంటి గొడవ, పైగా యాభై ఏళ్లు దాటిన వ్యవహారం. నా సమాధానం ఇది: వాటర్‌గేట్ ఒక నేరం మాత్రమే కాదు, ఒక కథనం కూడా. ఆ కథనాన్ని ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ముగించారు అన్నదాన్నిబట్టే దోషి ఎవరో, దోషం ఏదో తేలింది. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని మనం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఎత్తుగడే వస్తువును నిర్ణయించిన సందర్భం ఇది. కాబట్టి ఇది మన చర్చకు బయటి విషయం కాదు.

ముందు అందరికీ తెలిసిన కథ చూద్దాం. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవన సముదాయంలో, డెమొక్రాటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలో ఐదుగురు పట్టుబడ్డారు. తలుపు గడియ పడకుండా అంటించిన టేపు ముక్కను కాపలా ఉద్యోగి ఒకడు గమనించి పోలీసులకు కబురు చెయ్యడంతో గుట్టు బయటపడింది. దొంగల దగ్గర దొరికిన డబ్బు జాడ అధ్యక్షుడు నిక్సన్ ఎన్నికల ప్రచార నిధిదాకా పోయింది. అయినా ఆ నవంబరులో ఆయన 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. 1973 జులైలో, అధ్యక్షుడి గదుల్లో మాటలన్నీ టేపుల మీద రికార్డవుతున్నాయని ఒక మాజీ ఉద్యోగి సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. టేపులివ్వమని కోర్టులు, ఇవ్వనని అధ్యక్షుడు. 1974 జులై 24న సుప్రీంకోర్టు 8–0తో టేపులు ఇవ్వాల్సిందేనంది. ఆగస్టు 5న బయటపెట్టిన టేపులో, దొంగతనం జరిగిన ఆరు రోజులకే దర్యాప్తును సి.ఐ.ఏ. చేత ఆపించడానికి నిక్సన్ ఒప్పుకున్న మాటలున్నాయి. ఆగస్టు 9న ఆయన గద్దె దిగాడు.

ఈ కథలో మెచ్చుకోవలసినది లేదని నేను అనను. దేశాధ్యక్షుడి సొంత గొంతును సాక్ష్యంగా తెప్పించుకోగల న్యాయస్థానం ఉండటం చిన్న విషయం కాదు. దేశ అటార్నీ జనరల్‌గా పనిచేసిన మిచెల్, అధ్యక్షుడి ఆంతరంగికులు హాల్డ్‌మన్, ఎర్లిక్‌మన్ జైలుకు వెళ్లారు. పత్రికలు పట్టువిడవకుండా పనిచేశాయి. కాని ఈ కథ రూపాన్ని ఒకసారి పరిశీలించండి. ఒక నేరం, ఒక ఆనవాలు, ఇద్దరు విలేకరులు, చీకట్లో సమాచారమిచ్చే ఒక అజ్ఞాత వ్యక్తి, చివరికి పట్టుబడే పెద్ద దొంగ. ఇది డిటెక్టివ్ నవల. 1974లో ఆ ఇద్దరు విలేకరులు రాసిన పుస్తకం, 1976లో వచ్చిన దాని సినిమా ప్రపంచమంతటా ఈ రూపాన్నే స్థిరపరిచాయి. డిటెక్టివ్ నవలకు ఒక ధర్మం ఉంది. దొంగ దొరికాక ఇల్లు మళ్లీ మంచిదైపోతుంది. నిక్సన్ దిగిన రోజునే కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ పీడకల ముగిసిందనీ, రాజ్యాంగం పనిచేస్తున్నదనీ జాతికి చెప్పాడు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 8న, నిక్సన్‌కు సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించాడు.

ఇప్పుడు అదే కథను వేరే చోట మొదలుపెడదాం. 1969 మార్చి 18. వియత్నాం యుద్ధంలో తటస్థంగా ఉన్న కంబోడియా మీద అమెరికన్ బి–52 విమానాలు బాంబులు వేశాయి. 1970 మే దాకా 3,800కు పైగా విమానయాత్రల్లో లక్ష టన్నులకు పైగా బాంబులు కురిపించారు. ఈ దాడులకు పెట్టిన రహస్య నామాలు: బ్రేక్‌ఫాస్ట్, లంచ్, స్నాక్, డిన్నర్, సప్పర్, డెజర్ట్. అన్నిటికీ కలిపి మెనూ. ఒక దేశపు పల్లెల మీద బాంబులు వెయ్యడానికి భోజనాల పట్టిక పేరు పెట్టిన మనస్తత్వం మీద ఒక నవలే రాయవచ్చు. నన్ను అంతకంటే ఆలోచింపజేసింది రికార్డుల వ్యవహారం. కాగితాల మీద ఆ విమానాలు దక్షిణ వియత్నాంలోని లక్ష్యాలకు బయలుదేరాయి. దారిలో నేలమీది రాడార్ కేంద్రం వాటిని కంబోడియా వైపు మళ్లించింది. తర్వాత అసలు లక్ష్యాల కాగితాలు తగలబెట్టి, బాంబులు వియత్నాంలోనే పడ్డట్టు నివేదికలు రాశారు. అలా తగలబెట్టిన వైమానిక దళ మేజర్ హాల్ నైట్ 1973లో సెనేట్ కమిటీ ముందు ఈ సంగతి చెప్పాడు. రెండు లెక్కల పుస్తకాలు పెట్టుకునే వ్యాపారిని మనం ఎరుగుదుం. ఇక్కడ రెండు యుద్ధాల పుస్తకాలు పెట్టారు.

దీనికీ వాటర్‌గేట్‌కూ సంబంధమేమిటి? 1969 మే 9న న్యూయార్క్ టైమ్స్ కంబోడియా దాడుల సంగతి ప్రచురించింది. గుట్టు ఎవరు విప్పారో తెలుసుకోవడానికి అధికారుల ఫోన్లు, విలేకరుల ఫోన్లు దొంగచాటుగా వినడం మొదలైంది. 1971 ఫిబ్రవరి వరకు 17 మంది మీద ఈ నిఘా సాగింది. 1971 జూన్‌లో పెంటగన్ పత్రాలు బయటపడ్డాయి. అప్పుడు శ్వేతసౌధంలోనే ఒక రహస్య దళం ఏర్పాటు చేశారు. సమాచారం కారిపోకుండా చూసే వాళ్లు కాబట్టి తమను తాము ‘ప్లంబర్లు’ అని పిలుచుకున్నారు. పత్రాలు బయటపెట్టిన ఎల్స్‌బర్గ్‌ను అప్రతిష్ఠ పాలు చెయ్యడానికి ఆయన మానసిక వైద్యుడి కార్యాలయం తాళాలు పగలగొట్టారు. మరుసటి ఏడు వాటర్‌గేట్ దొంగతనాన్ని నడిపించిన హంట్, లిడ్డీ ఈ దళంలోని మనుషులే. అంటే వాటర్‌గేట్ తలుపు మీది టేపు ముక్క నుంచి వెనక్కి నడిస్తే కంబోడియా పొలాల్లోకి వెళతాం. యుద్ధాన్ని సొంత ప్రజలకు తెలియకుండా నడపాలంటే సొంత ప్రజల మీద నిఘా తప్పదు. ఇల్లు గుల్ల చేసిన దొంగ బయటినుంచి రాలేదు, యుద్ధంలోనుంచి వచ్చాడు.

ఇది నా ఊహాగానం కాదు. అమెరికన్ ప్రతినిధుల సభలో నిక్సన్ మీద తొలి అభిశంసన తీర్మానం 1973 జులై 31న ప్రవేశపెట్టిన వ్యక్తి రాబర్ట్ డ్రైనన్ అనే జెసూట్ మతగురువు. ఆయన ప్రధానమైన ఆరోపణ వాటర్‌గేట్ కాదు, కంబోడియా. ఏడాది తర్వాత న్యాయవ్యవహారాల కమిటీ అభిశంసనాంశాల మీద ఓటు వేసింది. న్యాయానికి అడ్డు తగిలాడన్న మొదటి అంశం 27–11తో నెగ్గింది. అధికార దుర్వినియోగం అన్న రెండోది 28–10తో నెగ్గింది. కమిటీ ఆదేశాలను ధిక్కరించాడన్న మూడోది 21–17తో నెగ్గింది. 1974 జులై 30న, కంబోడియా బాంబుదాడుల విషయం కాంగ్రెసు దగ్గర దాచాడన్న అంశాన్ని జాన్ కానియర్స్ ప్రతిపాదించాడు. అది 26–12తో ఓడిపోయింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. నెగ్గిన రెండో అంశంలో ఫోన్లు దొంగచాటుగా విన్న నేరం ఉంది, ప్లంబర్ల దళం ఉంది. ఏ రహస్యాన్ని కాపాడటానికి అవన్నీ మొదలయ్యాయో ఆ రహస్యం మాత్రం నేరం కాకుండా పోయింది. ఎందుకని? ఓడించిన వాళ్ల వాదనలు వాళ్ల మాటల్లోనే ఉన్నాయి: కాంగ్రెసు నాయకుల్లో కొందరికి ఈ దాడుల సంగతి ముందే తెలుసు, యుద్ధానికి డబ్బు మంజూరు చేస్తూ వచ్చింది కాంగ్రెసే. అంటే కంబోడియా నేరమైతే ముద్దాయి ఒక్కడు కాడు. మొదటి మూడు అంశాల్లో నిక్సన్ ఒక చెడ్డ మనిషి. నాలుగోది నెగ్గి ఉంటే, మంత్రాంగం నడిపిన కిసింజర్, ఆ మంత్రాంగానికి నిధులిచ్చిన సభ, దానికి ముందటి ప్రభుత్వాలు అన్నీ బోనెక్కాలి. కిసింజర్‌కు 1973లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందన్న సంగతి కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. పాలకవర్గం తనలో ఒకణ్ని శిక్షించి తనను తాను నిర్దోషిగా ప్రకటించుకునే పద్ధతికి కుంభకోణం అని పేరు. మిగిలినదానికి విధానం అని పేరు.

మన ఉపఖండానికి ఈ విభజన బాగానే తగిలింది. 1971లో తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం ఊచకోత సాగిస్తుండగా, ఢాకాలోని అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుపడుతూ ఏప్రిల్ 6న తంతి పంపారు. బ్లడ్‌ను అక్కడినుంచి బదిలీ చేశారు. ఆ డిసెంబరులో జోర్డాన్, ఇరాన్‌ల ద్వారా పాకిస్తాన్‌కు అమెరికన్ యుద్ధవిమానాలు అందేలా, అది చట్టవిరుద్ధమని సలహా వచ్చినా, నిక్సన్, కిసింజర్ తెర వెనుక వ్యవహారం నడిపారు. వాటర్‌గేట్ రహస్యాలు దొరికిన ఆ టేపుల్లోనే ఇది కూడా ఉంది. కాని అభిశంసనాంశాల్లో బెంగాల్ పేరు లేదు.

భాష సంగతి చూద్దాం. దొంగతనం బయటపడగానే అధ్యక్షుడి పత్రికా కార్యదర్శి జీగ్లర్ దాన్ని మూడో తరగతి దొంగతనం అని కొట్టిపారేశాడు. 1973 ఏప్రిల్‌లో నిజాలు బయటికి వస్తుంటే, పాత ప్రకటనలు అబద్ధాలని అనలేదు, అవి ఇప్పుడు ‘చెల్లవు’ అన్నాడు. పాత నోటు చెల్లనట్టు అబద్ధం చెల్లకుండా పోయింది! 1974 ఏప్రిల్‌లో శ్వేతసౌధం సంభాషణల ప్రతులు ప్రచురిస్తే, పుటపుటకూ ‘బూతుమాట తొలగించడమైనది’ అన్న ముద్ర కనిపించింది. మధ్యతరగతి అమెరికా అధ్యక్షుడి నోటి దురుసుకు నివ్వెరపోయింది. బాంబుల టన్నులకు రాని కోపం బూతులకు వచ్చింది. నైతికతను నోటికి పరిమితం చేస్తే చేతులు స్వేచ్ఛగా తిరుగుతాయి.

ఇదే నమూనా రీగన్ కాలంలో మళ్లీ కనిపిస్తుంది. 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం, నికరాగ్వా మీద కాంట్రాలను ఉసిగొల్పి, రేవుల్లో మందుపాతరలు పెట్టి అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. అమెరికాలో అది కుంభకోణం కాలేదు. అదే ఏడు నవంబరులో, ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మిన లాభాన్ని, కాంగ్రెసు నిషేధాన్ని దాటవేసి ఆ కాంట్రాలకే మళ్లించారని బయటపడింది. అప్పుడు కుంభకోణమైంది. పల్లెలు తగలబడటం కాదు, డబ్బు దారి తప్పడం ప్రశ్న అయింది. 1987 జనవరి 27న రీగన్ కాంగ్రెసుకు చెప్పినదాని సారం, తీవ్రమైన పొరపాట్లు జరిగాయని. ఎవరు చేశారో వాక్యంలో లేదు. 1992 డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందు రోజు, అధ్యక్షుడు బుష్ ఈ కేసులో ఆరుగురికి క్షమాభిక్ష పెట్టాడు. నికరాగ్వా నష్టపరిహారం లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

1977లో టెలివిజన్ ఇంటర్వ్యూలో నిక్సన్, అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదు అనే అర్థంలో మాట్లాడాడు. అప్పుడు జనం దాన్ని పదవి పోయిన మనిషి అహంకారంగా తీసుకున్నారు. 2024 జులై 1న ట్రంప్ కేసులో అమెరికన్ సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో, రాజ్యాంగం అధ్యక్షుడికే ప్రత్యేకించిన అధికారాల విషయంలో ఆయనకు క్రిమినల్ విచారణ నుంచి పూర్తి రక్షణ ఉందనీ, మిగిలిన అధికారిక చర్యలకు కూడా రక్షణ ఉన్నట్టు భావించాలనీ, సొంత వ్యవహారాలకు మాత్రం లేదనీ చెప్పింది. ఒక అధ్యక్షుణ్ని పంపించేసి, అధ్యక్ష పీఠాన్ని ముట్టుకోకుండా వదిలేసిన కథకు ఇది కొత్త అధ్యాయం. 1974లో వ్యక్తి దోషి అన్నారు గాని అధికారాన్ని విచారించలేదు. ఆ అధికారమే ఇప్పుడు న్యాయస్థానం నుంచి తన పత్రాలు రాయించుకుంది.

ఇందులో మనకు నేర్చుకోవలసినవి రెండు ఉన్నాయని నా అభిప్రాయం. మొదటిది భాషకు సంబంధించినది. కర్త లేని వాక్యం మన తెలుగులో ఇంకా సులభం. ‘కాల్పులు జరిగాయి’ అని రాస్తాం. ‘పొరపాట్లు దొర్లాయి’ అంటాం, కొండమీది రాళ్లు వాటంతట అవే దొర్లినట్టు. ‘ఊళ్లు ఖాళీ అయ్యాయి’ అంటాం. వార్త రాసేవాడు తొందరలో రాసిన ఈ వాక్యం కథలోకి, కవిత్వంలోకి కూడా అలాగే వచ్చేస్తుంది. కర్త ఎవరని ప్రతి వాక్యాన్నీ అడగడం వ్యాకరణం పిచ్చి కాదు, అది విమర్శకుడి పని.

రెండోది ఎత్తుగడకు సంబంధించినది. అవినీతి మీద మనం రాసే కథల్లో లంచం చేతులు మారిన ఘట్టంతో మొదలుపెట్టి, లంచగొండి పట్టుబడటంతో ముగించడం అలవాటు. పాఠకుడు తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఆ తృప్తినే మనం అనుమానించాలి. లంచం ఏ కాంట్రాక్టు కోసం, ఆ కాంట్రాక్టు ఎవరి భూమిలో, ఆ భూమినుంచి లేచిపోయిన వాళ్లు ఎక్కడున్నారు అని ఇంకో మూడడుగులు వెనక్కి నడిస్తే కథ మారిపోతుంది, ముద్దాయిల సంఖ్యా మారుతుంది. కంబోడియా రైతు వాటర్‌గేట్ కథలో పాత్ర కాలేకపోయాడు. కథ 1972లో మొదలైంది, అతని మీద బాంబు 1969లో పడింది. మన కథల్లో అలా తారీకుకు ముందే పోయినవాళ్లు ఎవరెవరో వెతికి చూడవలసిన బాధ్యత ఈ తరం రచయితల మీద ఉంది.