కొబ్బరి మొదట్లో మొక్క

కొబ్బరి చెట్టు మొదట్లో నాటిన మందారం ఏడాది తిరిగేసరికి గిడసబారితే తప్పంతా నీడ మీదికి పోతుంది. మొక్కను పెళ్లగిస్తే అసలు సంగతి బయటపడుతుంది. పాదు నిండా పెన్సిలంత లావు ఎర్రటి కొబ్బరి వేళ్లు, వాటి నుంచి చీలిన సన్నని పీచు అల్లుకుని ఉంటాయి. మందారానికి పోసిన నీళ్లూ వేసిన పశువుల ఎరువూ చాలావరకు చెట్టుకే చేరాయన్నమాట.

గౌతమి గట్టునున్న యానాంలోనూ, ఏటికి అవతల కోనసీమలోనూ కొబ్బరి లేని పెరడు అరుదు. ఈ చెట్టుకు తల్లివేరు ఉండదు. మొదలు అడుగునుంచి వేలకొద్దీ వేళ్లు పుట్టుకొస్తాయి. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ పరిశీలనల్లో వాటిలో సుమారు ముప్పాతిక వంతు చెట్టు చుట్టూ 2 మీటర్ల లోపే కనిపించాయి. లోతులో అయితే ఎక్కువ భాగం అడుగు నుంచి నాలుగడుగుల మధ్యే. చెట్టుకూ చెట్టుకూ 7.5 మీటర్ల ఎడం ఉన్న తోటలో ఆ వలయాలు పోగా ముప్పాతిక వంతు నేల మిగులుతుంది.

కోనసీమ అంతరపంటలు బతికేది ఆ మిగులు నేలమీదే. రెండు వరసల నడిమధ్య కోకో, అరటి, కంద, పసుపు వేస్తారు. వీటిలో కంద తెలివైన ఎంపిక. ఎనిమిది తొమ్మిది నెలల్లో దుంప తవ్వేస్తారు గనుక, చెట్టు వేళ్లు ఆ గుంటను ఆక్రమించేలోపే పంట చేతికొస్తుంది. తవ్వినప్పుడు నేలా గుల్లబారుతుంది. పెరట్లోనూ ఈ దూరం లెక్కే పనికొస్తుంది. మందారం, మల్లె లాంటివి చెట్టుకు కనీసం ఏడడుగుల దూరంలో ఉండాలి.

మామిడికి, నిద్రగన్నేరుకు ఈ కొలత చాలదు. వాటి పీచువేళ్లు కొమ్మల చివర్లు దాటి, నేల పైపొరలోనే పాకుతాయి. అక్కడ పెద్ద గుంట తీయకుండా చిన్న మొక్కనే నాటాలి. గునపానికి బొటనవేలంత వేరు తగిలితే దాన్ని నరకకుండా గుంటనే జానెడు పక్కకు జరపాలి. ఒకవైపు పెద్ద వేళ్లన్నీ తెగిన చెట్టుకు గాలికి నిలిచే పట్టు ఉండదు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన ఈ ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. వేళ్లు కనిపిస్తున్నాయని మామిడి మొదట్లో మట్టి ఎత్తుగా పోయడమూ తప్పే, బెరడు చెమ్మకు కుళ్లుతుంది.

నాటిన మొదటి వేసవి గట్టెక్కితే సగం గండం గడిచినట్టే. రోజూ చెంబెడు పోసే కన్నా రెండు మూడు రోజులకోసారి పాదు లోపలిదాకా తడపాలి. పైన కొబ్బరి డొక్కలు బోర్లా పరిస్తే తడి ఆరదు. వేళ్లు మరీ దట్టంగా ఉన్నచోట కుండీయే మేలు. దాన్నీ నేలకు ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టాలి, లేకపోతే చెట్టు వేళ్లు అడుగు చిల్లుగుండా లోపలికి ఎక్కుతాయి.