మిక్సర్ కడుపున పుట్టిన పెట్టె

1966–67లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్ రికార్డు చేస్తున్నప్పుడు వాళ్లకున్న టేపు యంత్రానికి నాలుగే ట్రాకులు. డ్రమ్స్, గిటార్లు, పియానో, గొంతులు, ఆర్కెస్ట్రా అన్నీ ఆ నాలుగింట్లోనే సర్దాలి. నాలుగూ నిండగానే ఇంజనీర్లు వాటిని మిక్సర్ గుండా పంపి, కలిపి, ఇంకో యంత్రం మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి కుదించేవారు. అలా ఖాళీ అయిన చోట కొత్త వాయిద్యం చేరేది. పులుసులో పడ్డ ఉప్పు మళ్లీ చేతికి రానట్టే, అలా కలిసిపోయిన డ్రమ్మును తర్వాత విడిగా తగ్గించే వీలు ఉండేది కాదు. తగ్గించి తీరాలంటే పాత టేపు తీసి ఆ పనంతా మళ్లీ చేసుకోవాలి.

రేడియో రోజుల నుంచీ మిక్సర్ చేసింది ఈ పనే. మైకులు ఎక్కువ, టేపు మీద చోటు తక్కువ, అందుకని ముందే కలిపెయ్యాలి. ఈ రోజు మన బల్ల మీది కంప్యూటర్‌లో ట్రాకులకు కరువు లేదు. అందుకే ఇంట్లో స్టూడియో పెట్టుకునేవాళ్లు మిక్సర్ కొనాలా, మైకు శబ్దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలా అని అడిగితే నేను ముందుగా అడిగేది ఒకటే. మీరు శబ్దాలను రికార్డింగుకు ముందు కలుపుతారా, తర్వాత కలుపుతారా? ఈ రెండు యంత్రాల చరిత్ర అంతా ఆ నిర్ణయం క్రమంగా వెనక్కి, అంటే రికార్డింగు తర్వాతికి, జరుగుతూ వచ్చిన చరిత్రే.

ఇంటి రికార్డింగుకు తలుపు తీసింది 1979లో జపాన్ కంపెనీ టియాక్ తెచ్చిన ‘పోర్టాస్టూడియో 144’. మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు, పక్కనే చిన్న మిక్సర్, రెండూ ఒకే పెట్టెలో. టేపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది కాబట్టి నాణ్యత కొంత నిలబడింది. 1982 మొదట్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంటి పడకగదిలో, షూర్ ఎస్‌ఎం57 మైకులు రెండు పెట్టుకుని ఈ యంత్రం మీద పాడుకున్నాడు. బ్యాండుకు నమూనాగా చూపించడానికని చేసిన పాటలవి. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండుతో వాయించి చూస్తే ఆ పాటల ప్రాణం పోయింది. చివరికి ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదలైంది. మన వైపు చూస్తే, ఎ.ఆర్.రహమాన్ 1989లో చెన్నై కోడంబాక్కంలో ఇంటి పెరట్లో సొంత స్టూడియో కట్టుకున్నారు. మూడేళ్లకు ‘రోజా’ సినిమా వచ్చింది. ఆ పాటలు తెలుగులోనూ ఊరూరా మోగాయి.

ఈలోగా శబ్దం అంకెలుగా మారింది. మనిషి చెవి దాదాపు 20 వేల హెర్ట్జ్‌ల దాకా వింటుంది. ఒక ధ్వనిని పూర్తిగా తిరిగి పొందాలంటే దాని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్‌ల గణితం చెబుతుంది. అంటే సెకనుకు 40 వేలకు పైన. మరి సీడీల్లో కచ్చితంగా 44,100 ఎందుకైంది? 1970ల చివర్లో అంత సమాచారాన్ని మోయగలిగింది వీడియో టేపు. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో ఒక్కో ఫీల్డులో వాడుకోదగ్గ గీతలు 245, సెకనుకు ఫీల్డులు 60, గీతకు మూడు కొలతలు. ఐరోపా పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు, అవే మూడు కొలతలు. రెండు చోట్లా గుణిస్తే వచ్చేది 44,100. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మీరు ఎంచుకునే ఆ అంకె పాత టీవీల నుంచి వచ్చిందన్నమాట.

ఆ అంకెలను కంప్యూటర్‌లోనే రికార్డు చేసి దిద్దుకునేందుకు 1989లో డిజిడిజైన్ కంపెనీ మెకింటాష్‌కు ‘సౌండ్ టూల్స్’ తెచ్చింది. 1991లో అదే ‘ప్రో టూల్స్’ అయింది. 2002లో వాళ్లే తెచ్చిన ‘ఎంబాక్స్’ అనే ఇంటర్‌ఫేస్ ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగులుకునేది. 2011లో ఇంగ్లండు కంపెనీ ఫోకస్‌రైట్ ‘స్కార్లెట్ 2ఐ2’ పేరుతో ఎర్రటి చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టె విడుదల చేసింది. ఆ కంపెనీని 1985లో స్థాపించినవాడు రూపర్ట్ నీవ్. ఏ మిక్సర్లను స్టూడియోలు ఇప్పటికీ పూజిస్తాయో వాటిని తయారుచేసిన మనిషి.

ఇంటర్‌ఫేస్‌లో ఉన్నదేమిటి? మిక్సర్‌లో ప్రతి మైకుకూ ఉండే తొలి భాగం, ప్రీయాంప్. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని 60 డెసిబెల్స్ పెంచడమంటే వెయ్యి రెట్లు పెంచడం. అప్పుడు సన్నని హోరు కూడా పెరుగుతుంది. 150 ఓమ్‌ల మైకు నిరోధంలో ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం నుంచే, గది ఉష్ణోగ్రతలో, దాదాపు మైనస్ 131 డీబీయూ (సిగ్నల్ స్థాయికి కొలత) హోరు పుడుతుంది. ఎంత డబ్బు పోసినా ప్రీయాంప్ దీని కిందికి పోలేదు. మంచిపేరున్న చవక ఇంటర్‌ఫేస్‌లే మైనస్ 127, 128 దగ్గర ఉంటున్నాయి. కాబట్టి హోరు తగ్గుతుందని రెట్టింపు ధర పెట్టడం దండగ. ఆ డబ్బు మైకుకో, గది గోడలకో పెట్టండి.

పెట్టె మీద 48వి అని ఉన్న మీటకూ ఒక పుట్టుక కథ ఉంది. కండెన్సర్ మైకుకు కరెంటు కావాలి. 1966లో నార్వే జాతీయ ప్రసార సంస్థ శబ్దం వచ్చే కేబుల్‌లోంచే కరెంటు కూడా తీసుకునే మైకులు కావాలని జర్మనీలోని నాయ్‌మన్ కంపెనీని అడిగింది. ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. ప్రపంచమంతా అదే ప్రమాణం అయింది.

ఇంటర్‌ఫేస్‌తో వచ్చే అసలు చిక్కు ఆలస్యం. కంప్యూటర్ కొలతలను పోగుచేసుకుని బఫర్లుగా తీసుకుంటుంది. సెకనుకు 44,100 లెక్కన 128 కొలతల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, ధ్వని గాలిలో ఒక మీటరు నడిచే సమయం. ఇది ఇబ్బంది పెట్టదు. 1024 పెడితే 23 అవుతుంది, పోవడం రావడం కలిపితే రెట్టింపు దాటుతుంది. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతే వెనకబడి వినిపించి తాళం తప్పుతుంది. అందుకే ఈ పెట్టెల్లో డైరెక్ట్ మానిటర్ మీట పెట్టారు. మైకు శబ్దం కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్స్‌కు చేరుతుంది. ఆలోచిస్తే అదొక బుల్లి మిక్సరే.

ఇక ఎంపిక. ఒక్కరే పాడి, గిటారో వీణో వాయించుకునేవాళ్లకు రెండు మైకుల ఇంటర్‌ఫేస్ చాలు. కర్ణాటక సంగీత కచేరీ రికార్డు చేయాలనుకోండి. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగం కుడి ఎడమలకు రెండు, మొత్తం నాలుగు మైకులు. ఎలక్ట్రానిక్ తంబురాకు ఇంకో లైన్ జాక్. ఇక్కడే జాగ్రత్త పడాలి. డబ్బా మీద ‘8 ఇన్‌పుట్స్’ అని రాసి ఉన్నా అందులో మైకు ప్రీయాంపులు రెండే ఉండవచ్చు. లెక్కపెట్టుకోండి. యూఎస్‌బీ ఉన్న చవక మిక్సర్లలో ఇంతకన్నా పెద్ద మెలిక ఉంది. శబ్దాన్ని హెచ్చించి తగ్గించే ఫేడర్లు పదహారున్నా చాలావాటి నుంచి కంప్యూటర్‌కు చేరేది కలిసిపోయిన ఎడమ, కుడి రెండే. 1967 నాటి ఇరుకును డబ్బిచ్చి మళ్లీ కొనుక్కున్నట్టు అవుతుంది. ప్రతి ఛానెల్ విడిగా వెళుతుందని వివరాల్లో స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

అలాగని మిక్సర్ పని అయిపోలేదు. గుడిలో భజన బృందానికి స్పీకర్లూ నడవాలి, రికార్డింగూ కావాలి అంటే వేళ్లకు అందే ఫేడర్లకు సాటి లేదు. అలాంటివాళ్లకు విడి ట్రాకులు పంపే మిక్సర్ ఒక్కటే రెండు పనులకూ సరిపోతుంది.

కలిపే నిర్ణయం వెనక్కి పోయినా, గెయిన్ ఎంత పెట్టాలన్నది, అంటే ప్రీయాంప్ మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, ఇంకా ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. 2019లో వచ్చిన ‘జూమ్ ఎఫ్6’ లాంటి రికార్డర్లు దాన్నీ వెనక్కి నెట్టాయి. శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు మెల్లని శబ్దాలకు ఒకటి, పెద్ద శబ్దాలకు ఇంకొకటి పెట్టి, రెండింటి కొలతలనూ 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ అంకెల్లో కలిపి దాస్తాయి. ఎవరైనా ఒక్కసారిగా గొంతెత్తినా తర్వాత తగ్గించుకోవచ్చు. అయితే ఆ ధాటికి మైకే బెదిరి శబ్దం చెడితే దాన్ని ఏ కన్వర్టరూ బాగుచేయలేదు. మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలి, గది ప్రతిధ్వని ఎంత పడాలి అన్నవి ఇప్పటికీ రికార్డు మీట నొక్కకముందే తేలాల్సినవి.