హెడ్‌ఫోన్ పెట్టినా వినపడదే!

మొన్న ఆదివారం రాత్రి పదిన్నర, డల్లాస్‌లో. విజయవాడలో అప్పటికే సోమవారం పొద్దున్న. మధ్యాహ్నం అమ్మకు కంటి ఆపరేషన్. ఈలోగా మనవరాలిని చూడాలంది. పాపేమో నిద్రలో ఉంది. హెడ్‌ఫోన్ పెడితే లాప్‌టాప్ గుర్తించనే లేదు, శబ్దమంతా స్పీకర్లలోంచే! నా ఫోనుకా, ఆ రంధ్రమే లేదు.

పాత ఐపాడ్‌కు పెడితే హెడ్‌ఫోన్ బాగానే మోగింది. డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేశాను (మా వృత్తిలో సర్వరోగ నివారిణి). ఫలితం సున్నా.

అసలు సంగతేమిటంటే, 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో చిన్న స్విచ్ ఉంటుంది. ప్లగ్ పూర్తిగా దిగితేనే అది కదిలి, సౌండ్ చిప్‌కు కబురందుతుంది. టార్చి వేసి చూద్దును కదా, అడుగున నూలుపోగుల ఉండ! లాప్‌టాప్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగాను. మీరు సూది మాత్రం పెట్టకండి, లోపలి రేకులు వంగిపోతాయి.

"వినబడుతోందట్రా?" అంది అమ్మ, గట్టిగా.