‘డిస్పర్సర్’, ‘డిస్పర్సెంట్’ పదములు: తెలుగులో అర్థనిర్ణయము

ఆంగ్ల శాస్త్రగ్రంథములను అనువదించువారికి ‘డిస్పర్సర్’, ‘డిస్పర్సెంట్’ అను జంటపదములు తరచుగా ఎదురగును. రెండింటికిని ‘వ్యాప్తికారకము’ అని వ్రాయుట కలదు. ఇది ఎంతవరకు సమంజసమో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ రెండును లాటిన్ భాషలోని ‘స్పార్గెరె’ (చల్లుట) అను క్రియకు ‘డిస్’ (వేర్వేరుగా) అను ఉపసర్గ చేరగా ఏర్పడినవి. సంస్కృతమున దీనికి సరియైన ధాతువు ‘కౄ’. ధాతుపాఠము దీనికి విక్షేపార్థమును చెప్పినది. ‘కిరణము’, ‘వికీర్ణము’ దీని నుండి పుట్టినవే. ‘వి’ పూర్వకమైన ఈ ధాతువునకు పక్షి యను అర్థమున సుడాగమము వచ్చి ‘విష్కిర’ శబ్దము సిద్ధించునని పాణినీయము. చరకసంహిత లావక, తిత్తిరి మున్నగు పక్షులను విష్కిరవర్గమున చేర్చినది. ఇవి కాళ్లతో నేలను కెలికి, గింజలను చిమ్మి తినును.

అయినను విష్కిరము ‘డిస్పర్సర్’ కాజాలదు. విష్కిరము తన ఆహారమునకై చిమ్మును. ‘డిస్పర్సర్’ విత్తును తల్లిచెట్టునుండి దూరమునకు చేర్చును. గోరంట్ల ప్రాంతమున ఈ భేదము కంటికి కనబడును. మఱ్ఱిపండ్లు, వేపపండ్లు తినిన పక్షులు గింజలను వేరొకచోట విడుచును. పల్లేరుకాయ పశువుల కాళ్లకు, ఉత్తరేణి బాటసారుల బట్టలకు అంటుకొని పోవును. జిల్లేడు విత్తు దూదితో గాలికి ఎగురును. ఈ జిల్లాలోనే కదిరి సమీపమున, 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కిన తిమ్మమ్మ మఱ్ఱిమాను ఉన్నది. అంతటి వృక్షజాతికిని విత్తు ఆవగింజకన్న చిన్నది; దానిని దూరమునకు మోయునది పక్షి.

‘డిస్పర్సెంట్’ ప్రాణి కాదు, ద్రవ్యము. నీటిలో కలుపు పురుగుమందు పొడి ముద్దకట్టక, అడుగున చేరక, కణములు విడివిడిగా నిలుచుటకు దీనిని చేర్చుదురు. కారకపరిభాషలో మొదటిది కర్త వంటిది, రెండవది కరణము వంటిది.

‘వ్యాప్తికారకము’ అనగానే సామాన్యపాఠకునికి రోగమును వ్యాపింపజేయునది స్ఫురించును. పురుగుమందు పొట్లముపై ఈ మాట చదివిన వేరుసెనగ రైతు, తెగులును పెంచునది ఇందేదో ఉన్నదని భ్రమించవచ్చును. ‘వ్యాపకము’ అందమా, తార్కికులకు అది వ్యాప్యమునకు ప్రతియోగి, లోకమునకు పొద్దుపుచ్చు పని. ‘వికిరణము’, ‘విక్షేపణము’, ‘పరిక్షేపణము’ భౌతికశాస్త్రపాఠములలో వేర్వేరు అర్థములకు స్థిరపడినవి.

కావున తెలుగు క్రియనే ఆశ్రయించుట మేలు. అయితే ‘వెదజల్లు’ అన్నిట చెల్లదు. గొర్రుతో సాలువెంట వేయుటను రైతు ‘విత్తుట’ అనును. ఉలవలను చేతితో ‘చల్లును’. పక్షి చేయు పని ఈ రెండును కాదు, ‘మోయుట’. కనుక ప్రాణులకు ‘విత్తుమోపరి’ అనియు, ద్రవ్యమునకు ‘కణవిభాజకము’ అనియు వ్యవహరించవచ్చునని నా సూచన. విజ్ఞులు విచారింతురుగాక.